కరోనా కాలంలో ఫుడ్ యాప్‌లు: నల్గొండ, పాలమూరులో అసలు జరిగిందేమిటి?

కరోనా వచ్చింది, జనం గడప దాటడానికి భయపడ్డారు, ఫుడ్ యాప్‌లకు పంట పండింది. అందరూ చెప్పే కథ ఈ మూడు ముక్కలే. ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టుల్లో అదే ఉంటుంది, బిజినెస్ పేజీల్లో అదే ఉంటుంది. నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కలనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో ఆ రెండేళ్లూ గడిపినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే మాత్రం కథ తిరగబడుతుంది. భయం ఇక్కడి జనాన్ని యాప్‌కు దూరం చేసింది. ఆ తర్వాత దగ్గర చేసినవి వేరే ఉన్నాయి: చేతికొచ్చిన ఫోన్ పేమెంట్లు, హైదరాబాద్ నుంచి ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లో వండే మనిషి మంచం పట్టడం.

ముందు తేదీలు సరిచూసుకుందాం. ఈ విషయంలో చిక్కంతా 2020ని, 2021ని ఒకే గంపలో వేయడం వల్ల వచ్చింది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికి స్విగ్గీ, జొమాటో జిల్లా కేంద్రాల్లోకి అడుగుపెట్టి ఎంతో కాలం కాలేదు. 2019లోనే రెండూ చిన్న పట్టణాల మీద దృష్టి పెట్టి, ఐదు వందల పట్టణాలు దాటామని గొప్పగా చెప్పుకున్నాయి. కుర్రాళ్లు కూపన్ల కోసం యాప్ వేసుకున్నారు, పెద్దవాళ్లు వింతగా చూశారు. అలవాటు ఇంకా వేళ్లూనుకోలేదు. సరిగ్గా అప్పుడే తాళం పడింది.

ఏప్రిల్ మధ్యలో ఢిల్లీలో ఒక పిజ్జా డెలివరీ కుర్రాడికి పాజిటివ్ వచ్చిందని, అతను పార్సిళ్లు ఇచ్చిన 72 కుటుంబాలను క్వారంటైన్‌లో పెట్టారని వార్త వచ్చింది. టీవీలు దాన్ని రోజంతా తిప్పి తిప్పి చూపించాయి. ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ లాక్‌డౌన్‌ను మే 7 వరకు పొడిగిస్తూ, మరుసటి రోజు నుంచి రాష్ట్రంలో స్విగ్గీ, జొమాటో సేవలు కూడా బంద్ అని ప్రకటించారు. దేశంలో చాలాచోట్ల డెలివరీని అత్యవసర సేవగా వదిలేసినా మన దగ్గర పూర్తిగా ఆపేశారు. అదే నెలలో సూర్యాపేట కూరగాయల మార్కెట్ నుంచి కేసులు గుట్టలుగా బయటపడ్డాయి. వీధికి రెండు వైపులా బారికేడ్లు పడ్డ ఆ రోజుల్లో పక్క ఊళ్లో ఎవరైనా బయట నుంచి బిర్యానీ తెప్పించుకునే ధైర్యం చేస్తారా? చేసినా తెచ్చేవాడెవడు? ఆ ఏడు రంజాన్ నెల మొత్తం హలీమ్ బట్టీలే వెలగలేదు.

పంట పండిందనే మాటకు ఇంకో పరీక్ష కూడా ఉంది. 2020 మే నెలలో జొమాటో తన సిబ్బందిలో 13 శాతం మందిని, స్విగ్గీ 1,100 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. పంట పండిన రైతు కూలీలను వెళ్లగొట్టడు కదా!

డబ్బాను చూసి భయం

భయం అన్నాం గానీ, దేని గురించి భయం? తిండి గురించా, డబ్బా గురించా, తెచ్చే మనిషి గురించా? ఇవి మూడు వేర్వేరు భయాలు. జనం మనసులో మాత్రం కలగలిసిపోయాయి.

2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తల ప్రయోగం ఒకటి బయటికొచ్చింది. ప్రయోగశాలలో వైరస్ అట్ట మీద ఒక రోజు దాకా, ప్లాస్టిక్, స్టీలు మీద రెండు మూడు రోజుల దాకా బతికి ఉందని దాని సారం. అది వాట్సాప్‌లో పడేసరికి ‘పార్సిల్ డబ్బా మీద మూడు రోజులు కరోనా బతుకుతుంది’ అయింది. ఇక చూడండి: పాల ప్యాకెట్లు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పునీళ్లలో ముంచడం, పేపర్ వేయొద్దని పేపర్ అబ్బాయికి చెప్పడం. ప్రయోగశాలలో బతకడం వేరు, దానివల్ల మనిషికి జబ్బు రావడం వేరు. తిండి ద్వారా ఈ వైరస్ సోకుతుందనడానికి ఆధారాలు లేవని మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే మాట అంది. వస్తువుల ఉపరితలాల నుంచి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. అసలు ప్రమాదం మనిషి ఊపిరిలో, మూసిన గదుల్లో ఉంది. అంటే హోటల్లో ఏసీ హాల్లో పక్క టేబుల్ వాళ్లతో కలిసి కూర్చుని తినడం కన్నా గేటు దగ్గర పార్సిల్ తీసుకోవడం చాలా నయం. మన వాళ్లు లెక్క తిప్పి వేసుకున్నారు. కేసులు కాస్త తగ్గగానే పెళ్లి భోజనాలకు పోయినవాళ్లే పార్సిల్ కవరు మీద శానిటైజర్ కొట్టారు.

యాప్‌లు ఈ భయానికి ఇచ్చిన జవాబు ఒక చిన్న కాగితం ముక్క. కవరు మూతి దగ్గర స్టాప్లర్ పిన్ను కొట్టి ఒక చీటీ ఉండేది. దాని మీద మూడు గీతలు: వండిన మనిషి, ప్యాక్ చేసిన మనిషి, తెచ్చే మనిషి. ఒక్కో గీతలో పేరు, ఎదురుగా ఒంటి వేడి, 97.6 అనో 98.1 అనో బాల్‌పెన్‌తో రాసి. కొన్ని చీటీల్లో మూడు పేర్లకూ ఒకే చేతిరాత, ఒకే అంకె. జ్వరం లేకుండానే వైరస్ అంటించేవాళ్లు ఉంటారని అప్పటికే తెలుసు కాబట్టి వైద్యపరంగా ఆ అంకెల విలువ అంతంత మాత్రమే. అయినా ఆ చీటీ పనిచేసింది. వంటగదిలో మనుషులున్నారని, వాళ్లకు పేర్లున్నాయని అది చెప్పింది. చిన్న ఊళ్లో హోటల్ మీద నమ్మకం ఎప్పుడూ అలాగే ఏర్పడుతుంది. గల్లా పెట్టె దగ్గర కూర్చునే ఓనర్ తెలుసు, మాస్టర్ ఎవరో తెలుసు, నూనె ఎప్పుడు మారుస్తారో కూడా సగం మందికి తెలుసు.

అందుకే 2020 వేసవి తర్వాత ఇక్కడ ముందు లేచింది యాప్ కాదు, ఫోన్ కాల్. ‘అన్నా, రెండు చికెన్ బిర్యానీ పంపిస్తవా, ఫోన్‌పే కొడత’ అంటే అయిపోయేది. హోటల్లో పనిచేసే కుర్రాడే బండి మీద తెచ్చి గేటుకు తగిలించి పోయేవాడు. జూన్ 8 నుంచి హోటళ్లలో కూర్చుని తినడానికి అనుమతి వచ్చినా కుర్చీలు చాలాకాలం ఖాళీగానే ఉన్నాయి. పార్సిళ్లు మాత్రం కదిలాయి. ఈ అమ్మకాలు ఏ యాప్ లెక్కలోనూ చేరవు. కాబట్టి యాప్ ఆర్డర్లు మాత్రమే చూసి చిన్న పట్టణాల్లో ఇంటికి తిండి తెప్పించుకోవడం ఎంత పెరిగిందో చెప్పబోతే సగం బొమ్మే కనిపిస్తుంది.

ఆ ఫోన్ కాల్‌లోనే తర్వాతి మార్పుకు విత్తనం పడింది: ‘ఫోన్‌పే కొడత’. నోటు ముట్టుకోవాలంటే భయం కదా. దేశంలో యూపీఐ లావాదేవీలు లాక్‌డౌన్ దెబ్బకు 2020 ఏప్రిల్‌లో 100 కోట్లకు పడిపోయాయి. అక్టోబర్ వచ్చేసరికి నెలకు 200 కోట్లు దాటాయి. కిరాణా కొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ అట్టలు వేలాడాయి. పిన్ నంబర్ కొట్టడం చేతికి అలవాటైన మనిషికి యాప్‌లో ఆర్డర్ పెట్టడం పెద్ద మెట్టు కాదు. అప్పటిదాకా అడ్డుపడింది తిండి గురించిన అనుమానం ఒక్కటే కాదు, డబ్బు ఎక్కడికి పోతుందో అన్న టెన్షన్ కూడా.

వండే మనిషి పడిపోతే

2021 ఏప్రిల్, మే. రెండో వేవ్. ఈసారి జబ్బు పేపర్లో వార్తగా రాలేదు, ఇంట్లోకి వచ్చింది. మొదటి వేవ్‌లో వీధికొకరికి వస్తే, ఇప్పుడు ఇంటిల్లిపాదికీ వచ్చింది. ఇక్కడే వాడకందారుల ప్రవర్తన నిజంగా మారింది. దీని గురించి మాట్లాడిన వ్యాసాలు తక్కువ, ఎందుకంటే ఇది టెక్నాలజీ గురించిన ప్రశ్న కాదు, ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న.

మన ఇళ్లలో దాదాపు అన్నిచోట్లా వండేది ఒకే ఒక్క మనిషి, అమ్మో భార్యో. ఆమెకు పాజిటివ్ వస్తే పొయ్యి ఆరిపోతుంది. మామూలు రోజుల్లో అయితే పక్కింటి నుంచి గిన్నె వస్తుంది, ఆడబిడ్డో చెల్లెలో వచ్చి నాలుగు రోజులు ఉంటుంది. కరోనా ఆ దారులన్నీ మూసేసింది. పక్కింటివాళ్లు తలుపు కూడా తీయని రోజులవి. (గేటు దగ్గర క్యారియర్ పెట్టి వెనక్కి పరుగెత్తిన బంధువులూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి.) మగవాళ్లకు టీ, ఆమ్లెట్ దాటి రాదు. వచ్చినా వాళ్లకూ జ్వరమే.

ఇంతకుముందు ఇలాంటి అవసరాన్ని కర్రీ పాయింట్ తీర్చేది. అన్నం ఇంట్లో కుక్కర్‌లో పెట్టుకుని, పప్పు, ఒక వేపుడు, సాంబారు ప్యాకెట్లు తెచ్చుకుంటే పూట గడిచేది. అయితే మే 12 నుంచి రాష్ట్రంలో పెట్టిన లాక్‌డౌన్‌లో బయట తిరగడానికి మొదట ఇచ్చిన టైమ్ ఉదయం 6 నుంచి 10 వరకే. కర్రీ పాయింట్లో పొయ్యి వెలిగి కూరలు గిన్నెల్లోకి వచ్చేదే ఆ తర్వాత. దాని బేరమంతా మధ్యాహ్నం, సాయంత్రం. అలా ఈ ఊళ్లలో అత్యంత చౌకైన, అందరికీ అలవాటైన ఏర్పాటు ఆ టైమ్ నిబంధన దెబ్బకు కుప్పకూలింది. మిగిలింది డెలివరీ.

అదీ సాఫీగా సాగలేదు. డెలివరీకి మినహాయింపు ఉందన్నా, కూడలిలో ఏ పోలీసు ఎలా అర్థం చేసుకుంటే అలా నడిచింది. మే 22న హైదరాబాద్‌లో డెలివరీ కుర్రాళ్లను ఆపి బండ్లు లాక్కోవడం, లాఠీలు తగలడం పెద్ద గొడవై, తర్వాత అనుమతిస్తామని చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త విన్నాక జిల్లాల్లో రైడర్లు బండి తీయడానికి వెనకాడితే తప్పు పట్టగలమా? జూన్ 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేసేదాకా యాప్‌లో ‘ప్రస్తుతం డెలివరీ చేసేవాళ్లు అందుబాటులో లేరు’ లాంటి మాటలు చూడటం మామూలైపోయింది.

ఈ కాలంలో ఆర్డర్ల రకం కూడా మారింది. యాప్ అంటే బిర్యానీ, మండీ, పిజ్జా. అంటే పండగ పూట, స్నేహితులు వచ్చిన పూట. జబ్బు మనిషికి అవి ఎక్కుతాయా? ఇడ్లీ, పెరుగన్నం, చపాతీ, ఉడికించిన గుడ్లు కావాల్సి వచ్చాయి. యాప్‌లో ఇవి దొరికే హోటళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దొరికినా ఇడ్లీ ధర కన్నా తెచ్చే ఖర్చు ఎక్కువ. అయినా తెప్పించుకున్నారు. సరదా కోసం వాడే వస్తువు అవసరానికి వాడే వస్తువుగా మారిందంటే అర్థం ఇదే, ధర చూసుకోకుండా నొక్కడం.

ఇంకో విచిత్రం. ఆర్డర్ పెట్టేది ఒకరు, డబ్బు కట్టేది ఒకరు, తినేది ఇంకొకరు. నల్గొండ రామగిరిలో తల్లిదండ్రులిద్దరూ ఐసోలేషన్‌లో ఉంటే, ఆర్డర్ పెట్టేది గచ్చిబౌలిలో కొడుకు, లేదా డల్లాస్‌లో కూతురు. డల్లాస్‌లో ఉన్నవాళ్ల చేతిలో ఇక్కడి ఫోన్ నంబరు, ఇక్కడి యూపీఐ లేకపోతే హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌తో పెట్టించేవాళ్లు. యాప్ లెక్కలో ఇది హైదరాబాద్ యువకుడి ఖాతా. తిన్నది రామగిరిలో అరవై దాటిన రిటైర్డ్ టీచర్. ఇలాంటివాటిలో ఫోన్లు మాత్రం తినేవాళ్లకే వచ్చేవి. ‘సార్, ఏడికి రావాలె?’ ‘రామాలయం దాటినంక ఎడమ పక్క సందు, నీళ్ల ట్యాంకు ఉన్న ఇల్లు.’ మ్యాప్‌లో గుర్తు పెట్టింది ఏడు సముద్రాల అవతలున్న కూతురు. అది రెండు వీధుల అవతల పడుతుంది. చివరికి ఇల్లు దొరికేది ఈ మాటలతోనే.

తెచ్చేవాళ్లు కూడా ముఖం తెలియనివాళ్లేం కాదు. బడులు మూతపడి జీతాలు ఆగిపోయిన ప్రైవేటు టీచర్లు కొందరు ఉపాధి కూలీకి పోయారు, కొందరు టిఫిన్ బండి పెట్టారు, కొందరు డెలివరీ బ్యాగు తగిలించుకున్నారు. వాళ్ల పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. తన దగ్గర చదివిన పిల్లవాడి ఇంటి గేటుకు పార్సిల్ తగిలించి, మాస్కు ఉంది కదా గుర్తుపట్టరులే అనుకున్న సార్లు ఉంటారు. పెద్ద నగరంలో రైడర్ ఎవరో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. రేటింగ్ ఇవ్వమని అడిగితే ఐదు చుక్కలూ పడటానికి అదీ ఒక కారణం. ఇక్కడి రేటింగుల్ని నేను పెద్దగా నమ్మను.

సర్వేలు ఎక్కడ తప్పుతాయి

ఈ విషయం మీద వచ్చిన చాలా సర్వేలు ఒకే చట్రంలో నడుస్తాయి. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రతిపాదించిన నమూనా అది. కొత్త టెక్నాలజీని మనిషి స్వీకరించాలంటే రెండు కుదరాలి: అది తనకు ఉపయోగపడుతుందన్న నమ్మకం, వాడటం సులువన్న నమ్మకం. మంచి నమూనాయే. ఆఫీసు కంప్యూటర్ల మీద ఆలోచిస్తూ తయారుచేసింది. దానికి కరోనా భయం అనే ముక్కను తగిలించి, గూగుల్ ఫామ్ తయారుచేసి, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే సర్వే రెడీ.

చిక్కేమిటంటే ఆ ఫామ్ నింపేది అప్పటికే యాప్ వాడేవాడే. పైగా అతను కొడుకు. జ్వరంతో వంట మానేసిన తల్లి ఫామ్ నింపదు. ‘మీరు యాప్ ఎందుకు వాడారు?’ అంటే కొడుకు ‘సౌకర్యం’ అని టిక్కు పెడతాడు. ఆ రోజు తల్లి లేచి వండగలిగి ఉంటే ఆ ఆర్డరే ఉండేది కాదన్న సంగతి ఏ గడిలోనూ పట్టదు. వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఇంటికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లల సంగతీ అంతే. 2020 రెండో సగం నుంచి జడ్చర్ల, మిర్యాలగూడ, వనపర్తి లాంటి ఊళ్లలో మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రి షిఫ్టులు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల అలవాట్లు హైదరాబాద్‌వి, చిరునామా మాత్రం సొంతూరిది. రాత్రి ఆకలైతే అమ్మను లేపడం ఇష్టం లేక యాప్ తెరిచారు. వాళ్లు తిరిగి వెళ్లిపోయాక ఆ ఆర్డర్లూ వాళ్ల వెంటే పోయాయి.

మరో పెద్ద ఖాళీ: ఊళ్లు. యాప్ పరిధి పట్టణం నడిబొడ్డు నుంచి కొద్ది కిలోమీటర్లు. దేవరకొండ దాటి తండాలకు, కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు పల్లెలకు యాప్ లేదు, కరోనాలోనూ లేదు. దక్షిణ తెలంగాణలో ఎక్కువమందికి ఆ కాలంలో ఇంటికి చేరిన ‘డెలివరీ’ అంటే రేషన్ షాపు బియ్యమే. 2020 ఏప్రిల్‌లో రేషన్ కార్డు కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చారు. ‘కరోనా కాలంలో వినియోగదారులు’ అని మొదలుపెట్టే వాక్యాల్లో వీళ్లు ఉండరు.

బిల్లు విప్పి చూస్తే

అలవాటు పడ్డాక మిగిలిన ప్రశ్న డబ్బుదే. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కౌంటర్ దగ్గర 200 రూపాయలున్న బిర్యానీ యాప్‌లో 240 ఉంటుంది. ఆ 40 హోటల్ అత్యాశ అని తిట్టుకుంటాం. అందులో ఎక్కువ భాగం హోటల్ యాప్‌కు కట్టే కమిషన్ పూడ్చుకోవడానికి పోతుంది. కమిషన్ ఆర్డర్ విలువలో ఐదో వంతుకు అటూ ఇటూ, కొన్నిచోట్ల అంతకు మించి. దీని మీదా, యాప్‌ల ఇతర పద్ధతుల మీదా జాతీయ రెస్టారెంట్ల సంఘం 2021 జులైలో, వ్యాపారాల్లో పోటీ సజావుగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది, 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థ యాప్‌ల తీరు మీద విచారణకు ఆదేశించింది.

దాని మీద ప్యాకింగ్ చార్జీ, డెలివరీ చార్జీ. 2023 నుంచి ప్లాట్‌ఫామ్ ఫీజు, మొదట 2 రూపాయలే, తర్వాత పెరుగుతూ పోయింది. ఇక జీఎస్టీలో చాలామందికి తెలియని మెలిక ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న హోటల్ జీఎస్టీ కట్టక్కర్లేదు, కౌంటర్ దగ్గర మనమూ కట్టం. కానీ 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మిన తిండి మీద 5 శాతం పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత యాప్‌దే, హోటల్ రిజిస్టర్ అయినా కాకున్నా. అదే మాస్టర్, అదే గిన్నె, అదే బిర్యానీ. యాప్‌లో తెప్పిస్తే పన్ను, నడిచి వెళితే లేదు. ‘60 శాతం తగ్గింపు’ అని పెద్ద అక్షరాలతో ఉన్న కూపన్ కింద చిన్న అక్షరాలతో ‘గరిష్ఠంగా ఇంత’ అని ఉండటం సరేసరి.

అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు ఒక మధ్యేమార్గం స్థిరపడింది. యాప్‌లో మెనూ చూస్తారు, ఫొటో చూస్తారు, తర్వాత హోటల్‌కే ఫోన్ కొడతారు. హోటళ్లు కూడా పార్సిల్ కవరు మీద తమ నంబరు అచ్చేయించి మరీ పంపుతున్నాయి.

యాప్‌లోనే పెట్టి, వచ్చింది పాడైపోతే? చాట్‌లో ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అనే మర మనిషి దగ్గర ఆగిపోతారు చాలామంది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి యాప్‌కూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అప్పటికీ కదలకపోతే, అదే నెలలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మీరున్న చోటే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందా, గురుగ్రామ్‌లో ఉందా అన్నది మీకు అనవసరం. నల్గొండవాళ్లు నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, పాలమూరువాళ్లు మహబూబ్‌నగర్ కమిషన్‌లో వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కావాల్సింది ఆర్డర్ నంబరు, డబ్బు కట్టిన ఆధారం, డబ్బా తెరవగానే తీసిన ఫొటో, చాట్‌లో వాళ్లిచ్చిన జవాబు స్క్రీన్‌షాట్. అందుకని యాప్‌లో చాట్ కనిపించకుండా పోయేలోగా ఆ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.